బంగారం లేని మజూరి: బ్రయర్ పైపు, బిద్రీ హుక్కా

నగల దుకాణంలో మనవాళ్లు బంగారం రేటు మీద పెద్దగా బేరమాడరు. అది ఆ రోజు పేపర్లో పడ్డ ధర. బేరమంతా మజూరి మీదా, తరుగు మీదా సాగుతుంది. పనివాడి చేతికి ఎంత, పనిలో రాలిపోయే పొడికి ఎంత అన్న రెండు లెక్కల దగ్గరే మాటామాటా పెరుగుతుంది. బంగారం ఎక్కడికీ పోదు గనక దానికి పెట్టింది ఖర్చు కిందికి రాదనీ, మజూరీ తరుగూ మాత్రం తిరిగిరాని సొమ్మనీ మన లెక్క. ఈ లెక్కతో పెరిగినవాళ్లకు ఒక పొగాకు పైపు కోసం ఎవరో వేల డాలర్లు పోశారంటే నమ్మబుద్ధి కాదు. అందులో ఉన్నది ఒక పొద వేరు గడ్డ, ఒక నల్లటి గట్టి రబ్బరు గొట్టం. మహా అయితే ఆ రెండూ కలిసేచోట సన్నటి వెండి పట్టీ. తూకానికి పెడితే చిల్లర డబ్బులు కూడా రావు. కొన్నవాడు పెట్టిందంతా మజూరీ, తరుగూ.

అలాంటి వస్తువు మన దక్కనులోనూ ఉంది. హుక్కా అడుగున నీళ్లుండే బిద్రీ కుదురు గురించి తెలుగు పాఠకుడికి మొదటి నుంచీ చెప్పుకురానక్కర్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినవాళ్లు ఆ నల్లటి నునుపు మీద వెండి పూలను చూసే ఉంటారు. బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలోదే. ఆ పనితనం హైదరాబాదు ఇళ్లలో పాన్‌దాన్‌గా, గులాబ్‌దాన్‌గా, పూలకూజాగా మసిలింది. దాన్ని ఎందుకు దాచుకుంటారో మనకు తెలుసు. పైపును ఎందుకు దాచుకుంటారో తెలియదు. నాకు రెండూ ఇష్టమే. ఒకదాని పక్కన పెట్టి చూస్తేనే రెండోదాని ధర అర్థమవుతుందని నా అభిప్రాయం. పొగాకు చేసే చేటు సంగతి వేరు, దాని మీద నాకు రెండో మాట లేదు. ఇక్కడ నేను మాట్లాడేది పొగ ఆరిపోయాక మిగిలిన వస్తువుల గురించి.

తెలుగువాడి సొంత పొగ చుట్ట. చుట్టకు పరికరం లేదు. ఆకే గొట్టం, ఆకే సరుకు, కాలాక మిగిలేది నుసి. గోదావరి లంకల పొగాకు పేరు ఇంగ్లండు దాకా పాకింది. ఆర్థర్ కోనన్ డాయిల్ 1890లో ప్రచురించిన 'ద సైన్ ఆఫ్ ఫోర్' నవలలో బూడిదను బట్టి పొగాకును పోల్చడం గురించి చెబుతూ షెర్లాక్ హోమ్స్ ఎత్తిన పేరు లంక చుట్టదే. అంత పేరున్నా దాచుకోవడానికి అది మనకేమీ మిగల్చలేదు. గిరీశం చుట్ట సాహిత్యంలో తప్ప ఏ అద్దాల బీరువాలోనూ ఉండదు. పొగతో పాటు పోని వస్తువును మిగిల్చింది ఒకవైపు బీదర్ హుక్కా, మరోవైపు యూరప్ పైపు.

ఈ రెంటి మొదటి చుట్టరికం వాటి ముడిసరుకు పేదరికంలోనే ఉంది. బ్రయర్ అంటే ఎరికా ఆర్బోరియా అనే పొద. కోర్సికా, సార్డీనియా, కలాబ్రియా, గ్రీసు, అల్జీరియా లాంటి మధ్యధరా తీరాల బీడు కొండల మీద పెరుగుతుంది. కాండానికీ వేరుకూ నడుమ, నేలలో, దానికో గడ్డ ఊరుతుంది. అడవి తగలబడినా మళ్లీ చిగురించడానికి ఆ మొక్క చేసుకున్న ఏర్పాటు అది. బిద్రీ లోహం కూడా గొప్పదేమీ కాదు. సుమారు పదహారు పాళ్ల జింకుకు ఒక పాలు రాగి. పడితే పగిలే పెళుసు లోహం, కరిగించి అమ్ముకుంటే గిట్టుబాటు లేనిది. బంగారు హుక్కాకు, రాళ్లు పొదిగిన హుక్కాకు ఎప్పుడూ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. యజమానికి డబ్బు అవసరపడితే రాళ్లు ఊడతాయి, బంగారం మూసలోకి పోతుంది. బిద్రీ కుదురులో వెండి ఉన్నా అది గీతల్లో ఇరుక్కున్న వెండి. దాన్ని గీకి తీయడానికి పట్టే కష్టం వచ్చే వెండి కన్నా ఎక్కువ. సరుకు చవక కావడమే దాని ఆయుష్షు పెంచింది. బ్రయర్ సంగతీ అంతే, పొయ్యిలో పెట్టడానికి తప్ప దానికి మరో మారకం విలువ లేదు. కనక ఈ రెండు వస్తువులకు ఎవరైనా డబ్బు పెడితే అది పదార్థానికి కాదని మొదటే తేలిపోతుంది.

ఇక తరుగు దగ్గర దారులు చీలతాయి.

పైపు ధరలో పెద్ద వాటా తరుగుదే. ముప్ఫై నలభై ఏళ్లు, ఒక్కోసారి అంతకు మించి పెరిగిన గడ్డను తవ్వితీసి, పగలకుండా తడిగా ఉంచి, రంపంతో దిమ్మలుగా కోస్తారు. ఆ దిమ్మల్ని గంటల తరబడి ఉడకబెట్టి పసరు పోగొడతారు. తర్వాత నెలలు, మంచి పనివాళ్లయితే ఏళ్లు, నీడన ఆరబెడతారు. గడ్డ లోపలి ముక్కలు మామూలు పైపులకు పోతాయి. బెరడును ఆనుకున్న పై ముక్కల్లో చెక్క జీరలు నడిమి నుంచి బయటికి తిన్నగా పరుగెడతాయి. అవి ఖరీదైన పైపులకు. కానీ దిమ్మను బయటి నుంచి చూసి లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. గడ్డ పెరిగే రోజుల్లో మింగిన గులకరాయి, ఇసుక గుంట, సన్నటి చీలిక ఎక్కడైనా దాక్కుని ఉండవచ్చు. పని మొదటి గంటలో బయటపడితే నష్టం కొంచెమే. చివరి నునుపు పెట్టేటప్పుడు, అంతా అయిపోయిందనుకున్నప్పుడు, సూది మొనంత నల్ల చుక్క కనపడిందా, ఆ పైపు మీద పెద్ద పనివాడు తన ముద్ర వేయడు. ఫ్యాక్టరీలో అయితే ఆ గుంటలో లప్పం నింపి రంగు పూస్తారు. పేరున్న పనివాడు దాన్ని పక్కన పారేస్తాడు. మచ్చ లేని పైపు కొన్నవాడు తన చేతికి రాని ఆ పారేసిన పైపులన్నిటికీ కలిపి డబ్బు కడుతున్నాడు. నగల దుకాణంలో మనం గొణుక్కుంటూ ఒప్పుకునే తరుగును పైపు సేకర్త ఇష్టపడి, తెలిసి చెల్లిస్తాడు. చుట్టూ తిన్నగా లేచే జీరలు, పైనా కిందా పక్షి కళ్లలాంటి చుక్కలు, ఎక్కడా మచ్చ లేకపోవడం. ఈ మూడూ ఒకే దిమ్మలో కలవడం ఎంత అరుదో ఆ ధర అంతగా పెరుగుతుంది.

బిద్రీలో తరుగు తక్కువ, మజూరి ఎక్కువ. పోత పోసిన కుదురులో లోపం ఉంటే మళ్లీ కరిగించి పోయవచ్చు. ఆముదం, గుగ్గిలం కలిపిన మన్నుతో అచ్చు కట్టి, లోహం పోసి, ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం నీళ్లతో పైపైన నల్లగా చేస్తారు. అది గీత కనపడడం కోసం వేసే తాత్కాలికపు నలుపు. దాని మీద ఉలితో చిత్రం చెక్కుతారు. చెక్కిన గాడిలో వెండి తీగ కొడితే తార్‌కషీ, వెండి రేకు కొడితే తెహ్‌నిషాన్. ఇక్కడ తప్పుకు చోటు చాలా తక్కువ. గాడి లోతు చాలకపోతే తీగ లేస్తుంది, వెడల్పైతే కదులుతుంది. ఇంత చేశాక కూడా పూలు సరిగా కనపడవు, ఆ తాత్కాలికపు నలుపు పోయి వెండీ జింకూ ఒకే తెలుపు రంగులో ఉంటాయి. అప్పుడు కుదురును కాస్త వేడిచేసి, బీదర్ కోటలో ఎండా వానా తగలని చోట తవ్వి తెచ్చిన మన్నును నవాసాగరంతో కలిపి పూస్తారు. జింకు నల్లబడుతుంది, వెండికి ఏమీ కాదు. నూనె పెట్టి తుడిస్తే ఇన్ని రోజుల పనీ ఒక్కసారిగా కనపడుతుంది. ఈ పద్ధతిని పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో రాసిపెట్టిన ఐరోపా వారిలో బెంజమిన్ హేన్ ఒకడు. అదే హేన్ మన సామర్లకోటలో కంపెనీ వారి తోట చూసిన వృక్షశాస్త్రజ్ఞుడు. చెట్లు తెలిసినవాడికి ఒక లోహం పని మీద అంత ఆసక్తి కలగడం నాకు ముచ్చట వేస్తుంది.

పైపు చెక్కేవాడు లేనిదాన్ని పెట్టడు, ఉన్నదాన్ని బయటికి తెస్తాడు. జీరలు దిమ్మలో ముందే ఉన్నాయి. ఏ కోణంలో కోస్తే అవి గిన్నె చుట్టూ తిన్నగా లేస్తాయో పోల్చడమే అతని విద్య. కాగా బిద్రీ పనివాడి ముందు ఉన్నది ఏమీ లేని నల్లటి గుండ్రం. దాని మీద గసగసాల పువ్వు రావాలన్నా, ఆకు వంపు తిరగాలన్నా ఆ ఊహ అతని చేతి నుంచే రావాలి. ఒకచోట ప్రకృతి గీసింది, మనిషి ఎంచుకున్నాడు. మరోచోట ప్రకృతి ఇచ్చింది కోటమన్ను నలుపొక్కటే, తక్కినదంతా మనిషి గీశాడు. అయినా ఒక విషయంలో ఇద్దరూ ఒకే దారి. ఇద్దరికీ వెనక్కి తిరగడం లేదు. కోసిన చెక్కను అతికించలేరు, చెక్కిన గాడిని పూడ్చలేరు. సేకర్త చేతిలోకి తీసుకుని అద్దం పెట్టి వెతికేది ఆ వెనక్కి తిరగని నిర్ణయాల్నే. పైపులో జీర వంగిన చోట గిన్నె కూడా వంగిందా అని చూస్తాడు. కుదురులో తీగ మలుపు తిరిగిన చోట సన్నబడిందా, విరిగి అతుకు పడిందా అని చూస్తాడు.

లోపాన్ని గుణంగా మార్చడం కూడా రెండు సంప్రదాయాలకూ తెలుసు. ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్ డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు దుకాణం తెరిచి, 1910లో సొంతంగా పైపుల తయారీ మొదలుపెట్టాడు. గొట్టం పైన ఆయన పెట్టిన చిన్న తెల్లచుక్క ఈనాటికీ ఆ పైపుల గుర్తు. 1917లో ఆయన 'షెల్' పైపు తెచ్చాడు. నున్నగా చేయడానికి పనికిరాని చెక్క మీదికి ఇసుకను బలమైన గాలితో విసిరి కొడితే మెత్తని భాగం అరిగిపోయి గట్టి వలయాలు గుట్టలూ లోయలుగా మిగులుతాయి. అంతకుముందు చిన్నచూపు చూసిన మెత్తటి అల్జీరియా బ్రయర్ ఈ పనికి బాగా ఒదిగింది. ఆ గరుకు పైపుల్ని ఈరోజు నున్నటి వాటి కన్నా మిన్నగా వెతికేవాళ్లున్నారు. అలాగే బిద్రీలో ఆఫ్తాబీ అని ఒక పద్ధతి ఉంది. అందులో వెండి పరచినది నేల అవుతుంది, కత్తిరించి వదిలిన చోట నలుపే పువ్వవుతుంది. ఎప్పుడూ వెనక ఉండే నలుపు ముందుకొస్తుంది. ఈ రెండు మార్పులూ నాకు సమానంగా నచ్చుతాయి. అయితే తేడా చెప్పాలి. డన్‌హిల్ పని వ్యాపారి తెలివిలోంచి పుట్టింది, దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆఫ్తాబీ ఎవరి తలలో పుట్టిందో ఎక్కడా నమోదు కాలేదు.

మరి పొగ సంగతి? ఇంత ఖరీదు పైపులో పొగ అంత బాగుంటుందా అని అడిగేవాళ్లకు సూటిగా జవాబు చెప్పాలి. మంచి పైపులో పొగదారి గిన్నె అడుగున సరిగ్గా మధ్యలోకి వచ్చి కలుస్తుంది. నోట్లో పెట్టుకునే అంచును చేత్తో అరగదీసి పలచన చేస్తారు. పళ్ల మధ్య బరువనిపించదు, పీల్చినప్పుడు లోపల తడి గురగురమనదు. ఇది నిజమైన పనితనమే. కానీ ఆ స్థాయి ఓ మోస్తరు ధరలోనే దొరుకుతుంది. అమెరికాలో మిజోరి రాష్ట్రం వాషింగ్టన్ పట్టణంలో 1869 నుంచీ మొక్కజొన్న కండెతో పైపులు చేస్తున్నారు. అతి చవక, పొగకు ఏ లోటూ ఉండదు. హుక్కాలోనూ అదే కథ. కొబ్బరి చిప్పలో నీళ్లు పోసి పైన చిలుం పెడితే పొగ చల్లబడే తీరు బిద్రీ కుదురుకు ఏమాత్రం తీసిపోదు. పైపు సేకర్తలు కొందరు తమ పైపు రుచిని ధరకు కారణంగా చెబుతారు. ఆ మాటతో నేను ఏకీభవించను. రుచి ఒక మెట్టు దాకా ధరను మోస్తుంది. ఆ పైన మోసేది కన్నూ, చెయ్యీ, పేరూ.

పేరు దగ్గరకు వచ్చే ముందు, ఈ రెండు వస్తువులు మనిషిని ఎలా కూర్చోబెట్టాయో చూడాలి. పొగాకు దక్కను మీదుగానే మొగలుల దగ్గరికి చేరింది. అక్బరు దూతగా బీజాపూరు వెళ్లిన అసద్ బేగ్ 1604-05 ప్రాంతంలో అక్కడి నుంచి పొగాకునూ, రత్నాలు పొదిగిన గొట్టాన్నీ తెచ్చి పాదుషా ముందు పెట్టాడు. 1617లో జహంగీరు పొగాకును నిషేధించినా అలవాటు ఆగలేదు. హుక్కా కూర్చున్నచోటే ఉండే వస్తువు. నీళ్లు మార్చడానికీ, నిప్పు ఎగదోయడానికీ మనిషి కావాలి. కంపెనీ దొరలు దాన్ని పట్టుకున్నాక హుక్కాబర్దారు అనే కొలువే ఏర్పడింది. 1779లో వారెన్ హేస్టింగ్స్ దంపతులు కలకత్తాలో ఇచ్చిన విందు పిలుపులో హుక్కాబర్దారును తప్ప వేరే నౌకర్లను తీసుకురావద్దని రాశారు. ఉత్తరాది ఊళ్లలో ఒకే హుక్కా తాగడం కులంలో ఒకడని గుర్తు, హుక్కా నీళ్లు బంద్ చేయడం వెలి. కాగా పైపు ఒంటరివాడిది. జేబులో పడుతుంది, ఎవరికీ ఇవ్వరు, నిప్పు తనే పెట్టుకుంటాడు, బూడిద తనే దులుపుకుంటాడు. అందుకే హుక్కా కుదురు మీది అలంకారం చుట్టూ కూర్చున్న పదిమంది కోసం నాలుగు వైపులా తిరుగుతుంది. పైపు అందం మాత్రం ఒకడి అరచేతి కోసం. దాని జీరల్ని దగ్గరగా చూడగలిగేది పట్టుకున్నవాడే. సేకర్తల తీరు కూడా దీన్ని బట్టే ఏర్పడింది. కుదుర్లు మ్యూజియాలకు చేరాయి. పైపులు ఇళ్లలో, సొరుగుల్లో, తెలిసినవాళ్లకు మాత్రం తీసి చూపించే వస్తువులయ్యాయి.

ఇక పేరు. సిక్‌స్టెన్ ఇవార్సన్ 1910లో స్వీడన్‌లో పుట్టి డెన్మార్క్ చేరాడు. కోపెన్‌హాగెన్‌లో ఒక పైపుల దుకాణంలో విరిగినవాటిని బాగుచేసే పనితో మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఆ ఏళ్లలో వేలమంది పైపులు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ కాలుతున్నాయో ఆయన చేతులకు తెలిసింది. తర్వాత సొంతంగా చెక్కాడు. లండన్‌లో ఆకారం ముందు, చెక్క తర్వాత. బిలియర్డ్, బుల్‌డాగ్, ఆపిల్ అని పేరుపెట్టిన ఆకారాలున్నాయి, దిమ్మ వాటికి లొంగాలి. ఇవార్సన్ దగ్గర చెక్క ముందు, ఆకారం తర్వాత. జీర ఎటు పోతే గిన్నె అటు ఒరిగింది. స్టాన్‌వెల్ కంపెనీకి ఆయన గీసి ఇచ్చిన ఆకారాలు వేల మామూలు జేబుల్లోకి వెళ్లాయి. చేత్తో చేసినవాటి మీద మాత్రం ఆయన పేరే పడింది. ఆ తర్వాత ఆయన కొడుకు లార్స్, లార్స్ కూతురు నాన్నా, యెస్ హోనోవిచ్. స్వీడన్‌లో మాల్మో దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని చెక్కిన బో నోర్ధ్. భర్త పోయాక ఆయన పనిశాల తలుపు మూసేయకుండా తనే ఉలి పట్టిన ఆన్ యూలీ. వీళ్ల పైపులు కొనేవాడు పైపును మాత్రమే కొనడు. ఫలానా మనిషి ఫలానా దిమ్మను చూసి తీసుకున్న నిర్ణయాన్ని కొంటాడు. మెడ మీది ముద్ర చదవడానికి వీలుగా ఉందా, ఎవరో మెరుగు పెట్టి అరగదీశారా అన్నది ధరను మార్చేస్తుంది. డన్‌హిల్ పైపు మీద తయారైన సంవత్సరాన్ని చెప్పే చిన్న అంకె కూడా ఉంటుంది. సేకర్త దాన్ని జాతకంలా చదువుతాడు.

బిద్రీ కుదురును అలా చదవలేం. బీదర్ బహమనీల కాలం నాటి విద్య అని వాడుకలో ఉన్నా, మనకు దొరుకుతున్న పాత వస్తువులు ఎక్కువగా పదిహేడో శతాబ్ది నుంచి మొదలవుతాయి. కాలం చెప్పేది ఆకారమే. కింద చుట్టకుదురు పెడితే తప్ప నిలబడని గుండ్రటి కుండ తొలినాటిది. అడుగు వెడల్పై గంటలా తనంతట నిలిచేది పద్దెనిమిదో శతాబ్దిది. పువ్వు తీరు, తీగ సన్నదనం ఇంకొన్ని ఆనవాళ్లు ఇస్తాయి. 1985లో సుసాన్ స్ట్రాంజ్ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం బిద్రీ మీద రాసిన పుస్తకం లాంటివి ఈ చదువుకు దారి చూపాయి. చేసినవాడి పేరు మాత్రం దాదాపుగా ఎక్కడా ఉండదు. దీన్ని మన పాతకాలపు వినయంగా పొగడడం నాకు నచ్చదు. ఆ పని పంచుకున్న పని. పోతపోసేవాడు ఒకడు, గీసి చెక్కేవాడు ఒకడు, వెండి కొట్టేవాడు ఒకడు, నలుపు పెట్టి మెరుగు దిద్దేవాడు ఇంకొకడు. ఒక వస్తువు మీద ఇన్ని చేతులున్నప్పుడు ఎవరి పేరు వేస్తారు? ఈ విషయంలో బీదర్‌కు చుట్టం డెన్మార్క్ కాదు, లండన్. డన్‌హిల్ పనిశాలలో గిన్నె తొలిచినవాడూ, గొట్టం అరగదీసినవాడూ, ఇసుక కొట్టినవాడూ ఎవరో కొన్నవాడికి తెలియదు. అందరి చెమటా ఆ ఒక్క తెల్లచుక్కలోకి పోయింది.

వాడకం దగ్గర ఇంకో మలుపుంది. పైపును ఒక్కసారి వెలిగిస్తే చాలు, దాని ధర సాధారణంగా పడిపోతుంది. నిప్పు తగలని పాత పైపు దొరకడం గొప్ప. అయినా వాడినదాన్నే కోరేవాళ్లూ ఉన్నారు. గిన్నె లోపల పేరుకున్న బొగ్గు పొర, చేతి చెమటకు ముదిరిన ఎర్రదనం, పంటి గుర్తు వాళ్లకు పైపులో భాగాలు. బిద్రీ కుదురు విషయంలో ఈ తగవు లేదు. లోపల నీళ్లున్న ఆనవాలు ఎవరూ చూడరు, బయటి నలుపు చెక్కుచెదరకపోతే చాలు. చిలుం పోయింది, గొట్టం పోయింది, నోటిముక్క పోయింది. హుక్కాలో నాలుగో వంతును మనం హుక్కా అని అద్దాల వెనక పెట్టుకున్నాం. 2024లో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రాలను నిషేధించింది, అది సరైన పని. ఆ కుదురుకు ఇప్పుడు చూడ్డం తప్ప వేరే వాడుక లేదు. ముట్టించని డానిష్ పైపు కూడా, సేకర్త దగ్గర, అదే స్థితికి వచ్చింది. ఇద్దరు బంధువులు వేర్వేరు దారుల్లో నడిచి ఒకే బీరువాకు చేరారు.

డబ్బు మాత్రం ఒకే చేతికి చేరలేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన కుదురును మన దేశం నుంచి పంపడానికి వీల్లేదు. కనక లండన్ వేలంలో పాట పలికే కుదుర్లు ఏనాడో దాటిపోయినవాటి వారసులు. వాటి మీద వచ్చే సొమ్ము అమ్మినవారిది, వేలం సంస్థది. అందులో బీదర్‌కు దమ్మిడీ లేదు. చట్టం తప్పని నేను అనను, అది లేకపోతే మన దగ్గర మిగిలినవీ పోయేవి. కానీ పైపు కథ నాకు ఇక్కడే ముఖ్యమనిపిస్తుంది. డెన్మార్క్‌లో సేకర్త బతికున్న పనివాడి గుమ్మం తొక్కాడు. వరసలో పేరు రాయించుకుని ఎదురుచూశాడు. అమెరికా, జపాన్, జర్మనీల నుంచి డబ్బు నేరుగా ఆ పనిశాల బల్ల మీదికి వచ్చింది. ఒక పైపుకు వారం పట్టినా, సగం దిమ్మలు పారేసినా ఇల్లు గడిచింది. గడిచింది గనకే పారేయగలిగాడు, పారేయగలిగాడు గనకే పని మెరుగుపడింది. ఖరీదైన పైపు ధరను వెర్రి అనేవాళ్లకు నా జవాబు ఇదే. ఆ ధర లేకపోతే లప్పం నింపుతారు.

బీదర్‌లో పని ఇంకా సాగుతోంది. బిద్రీకి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బిద్రీ పనివాడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఒక పనివాడి పేరు దేశానికి తెలియడం సంతోషించాల్సిన సంగతే. అయినా హైదరాబాదులో బిద్రీ అమ్మే దుకాణాల్లో వస్తువుల్ని పరిమాణం బట్టి, వెండి పాలు బట్టి పేరుస్తారు. అంటే మళ్లీ తూకమే. మజూరిని చూసి కొనేవాడు రాకపోతే పనివాడు సన్న తీగ మానేసి మందపు రేకు కొడతాడు, గాడి లోతు తగ్గిస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. డానిష్ పద్ధతిలో ఒక్కడి పేరు వేయడం బీదర్‌కు కుదరదు. అలా వేస్తే పోతపోసినవాడూ, నలుపు పెట్టినవాడూ ఇంకోసారి చీకట్లో పడతారు. డన్‌హిల్ పద్ధతిలో ఒక్క చుక్క కింద అందరినీ కప్పడం కూడా ఇప్పటిదాకా జరిగినదే. నలుగురి పేర్లూ, చేసిన సంవత్సరమూ అడుగున చెక్కడానికి కుదురు అడుగున కావలసినంత చోటుంది. ఒక పైపు మెడ మీద అంగుళం వెడల్పులో ఊరు, పేరు, సంవత్సరం పట్టించిన పనివాళ్లున్నారు. ఆ నాలుగు పేర్లు చదివి, వీటిలో వెండి కొట్టిన చెయ్యి ఎవరిదని అడిగి, ఆ చేతి కోసం ఏడాది ఆగి ఎక్కువ డబ్బు ఇవ్వగల కొనుగోలుదారు మాత్రం కావాలి. అలాంటివాళ్లు మన హైదరాబాదులోనే ఉండగలరు. పట్టుచీర అంచు నేతను వెనక్కి తిప్పి చూసి కొనే తెలుగు ఆడవాళ్లకు ఈ చూపు కొత్త కాదు.